సొంత డేటాబేసు సర్వరు: అద్దెవాటా, ఇనుపపెట్టె

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమును ఎరుగని ఉద్యోగార్థి తెలంగాణమున అరుదు. దాని చుట్టునున్న అశోక్‌నగరు వీధులలో పోటీపరీక్షలకు శిక్షణమిచ్చు సంస్థలున్నవి, వసతిగృహములున్నవి, నెలకింత అని పుచ్చుకొని కుర్చీయు, బల్లయు, దీపమును సమకూర్చు పఠనశాలలున్నవి. నారాయణగూడ వైపు నడచినచో పాఠశాలలు, కళాశాలలు కనబడును. ఈ మూడు పేటలలోను చదువే ప్రధానమైన వ్యాపకము. చదువున్న చోట పట్టికలు తప్పవు: ఎవరు చేరిరి, ఏ కుర్చీ ఎవరిది, ఎంత చెల్లించిరి, ఏ పుస్తకము ఎవరి యింట నున్నది. ఒకప్పుడు ఇవన్నియు అట్టకట్టిన పుస్తకములలో ఉండెడివి. ఇప్పుడు కంప్యూటరులోనికి వచ్చినవి. ఆ పట్టికలను పరుల సర్వరులో అద్దెకుంచక, తమ గదిలోనే తమ యంత్రముమీద నిలుపుకొనదలచువారు ఏమి చేయవలెనో, ఎచ్చట జాగ్రత్తపడవలెనో ఈ ప్రసంగములో మనవి చేయుదుము.

ఇది సాంకేతిక నిపుణులకు మాత్రమే చెందిన విషయమని శ్రోతలు తలపవలదు. పట్టికలోని ప్రతి వరుస వెనుకను ఒక మనిషి యున్నాడు. 503 ఉద్యోగములకై 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష 2023 మార్చిలో రద్దయినది. పరీక్షలు జరుపు కార్యాలయమునందలి కంప్యూటరునుండి ప్రశ్నపత్రములు బయటికి పోయినవని దర్యాప్తులో తేలినది. ఏండ్ల తరబడి అశోక్‌నగరు గదులలో కూర్చుండి చదివినవారు మరల మొదటికి రావలసివచ్చినది. ఒక కంప్యూటరును ఎవరు తెరువవచ్చును, ఎవరు తెరువరాదు అను చిన్న ప్రశ్న ఎంత పెద్దదో ఈ పేటలవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

డేటాబేసు అనగా వట్టి పట్టిక కాదు. పట్టికకు కట్టుబాటు నేర్పు యంత్రాంగము. ఇద్దరు గుమాస్తాలు ఒకే క్షణమున ఒకే కుర్చీని ఇద్దరికి వ్రాయబోయినచో, ముందుగా పెట్టిన నియమమునుబట్టి ఒకరిని ఆపునది అదియే. చందా జమ వ్రాయుచుండగా కరెంటు పోయినచో సగము వ్రాతను నిలువనీయదు. వ్రాసిన మొత్తము నిలుచును, లేదా ఏమియు వ్రాయనట్లే ఉండును. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ప్రకటించిన వ్యాసము ఈనాటి డేటాబేసులలో పెక్కింటికి మూలము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వమున 1986లో ఆరంభమైన పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు 1996నుండి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను పేరుతో వ్యాప్తిలో నున్నది. దానికి వెల లేదు. తెలుగు పేర్లను తెలుగు లిపిలోనే నిలుపును. చిన్న పఠనశాల మొదలు పెద్ద సంస్థ వరకు అందరికిని అది సరిపోవును.

దానిని నిలుపుటకు నేడు సులభమైన మార్గము కంటెయినరు. చిక్కడపల్లి పాత ఇండ్లను తలచుకొన్నచో ఈ విషయము తేటపడును. స్థలమొకటి, పునాది యొకటి, నీటితొట్టి యొకటి. లోపల నాలుగు అద్దెవాటాలు. ఎవరి తలుపు వారిది, ఎవరి వంట వారిది. కంప్యూటరులో లినక్స్ కెర్నెల్ అనునది పునాది; కంటెయినర్లు వాటాలు. ఒక వాటాలోని ప్రోగ్రాము మరియొక వాటాలోనిదానిని చూడజాలదు. ఏ వాటాకు ఎంత మెమొరీ చెల్లవలెనో హద్దు పెట్టవచ్చును. ప్రతి కాపురమునకు వేరు పునాది తీసి వేరు ఇల్లు కట్టినట్టిది వర్చువల్ మెషీన్. దాని ఖర్చు ఎక్కువ. కంటెయినరు భావము పాతదే అయినను, 2013లో డాకర్ అను సాధనము వెలువడిన పిమ్మట అది సామాన్యులకు అందినది.

అందు ఇమేజి అనునది ఇంటి నమూనా. ఆ నమూనాను బట్టి కట్టిన వాటా కంటెయినరు. పోస్ట్‌గ్రెస్ ఇమేజిని తెచ్చుకొని ఆజ్ఞ ఇచ్చినచో కొద్ది నిమిషములలో సర్వరు నిలుచును. చెడినచో వాటాను పడగొట్టి, అదే నమూనాతో మరల కట్టవచ్చును. ఈ సౌకర్యమే కంటెయినరుకు బలము. అజాగ్రత్తపరులకు ఇదియే గండము. ఏలయన, వాటాను పడగొట్టినప్పుడు అందులో విడిచిన సామాను కూడ దానితో పోవును. కావున లెక్కలను వాటాలో ఉంచరాదు. ఇంటి యజమాని గదిలో ఇనుపపెట్టె ఉంచినట్లు, కంటెయినరు వెలుపల వాల్యూము అను శాశ్వత స్థానమును ఏర్పరచి లెక్కలను అందుంచవలెను. వాటాలు మారవచ్చును, పెట్టె మారరాదు. మేము ఈ ప్రసంగములో చెప్పదలచినదానికి ఇది మూలము.

ఇక పని క్రమము. ఒక పఠనశాలకు ఎనిమిది గిగాబైట్ల మెమొరీ గల పాత కంప్యూటరు చాలును. దానిపై లినక్స్ నెలకొల్పి, డాకర్‌ను చేర్చి, కంపోజ్ ఫైలు అనబడు ఒక చిన్న పత్రమును వ్రాయవలెను. అందు రెండు వాటాలు పేర్కొనవలెను: ఒకటి పోస్ట్‌గ్రెస్, రెండవది పట్టికలను కంటికి చూపి సవరింపనిచ్చు నిర్వహణ సర్వరు. దీనికి పీజీ అడ్మిన్ అనునది అనువైనది. ఈ రెండును ఒకే అంతరంగపు నెట్‌వర్కులో నుండుటచేత ఒకదానినొకటి పేరు పెట్టి పిలుచుకొనును. ఇనుపపెట్టె ఎచ్చట నున్నదో ఆ పత్రముననే వ్రాయవలెను.

సంచిక సంఖ్యను తప్పక వ్రాయవలెను. సంఖ్య వ్రాయక ‘సరికొత్తది’ అని విడిచినచో, ఏదో ఒకనాడు ఇమేజిని మరల తెచ్చుకొన్నప్పుడు కొత్త సంచిక దిగును. పాత సంచిక కట్టిన పెట్టెను అది తెరువజాలదు. పోస్ట్‌గ్రెస్ ప్రధాన సంచిక ఏటేట వెలువడును. ఒక్కొక్కదానికి ఐదేండ్లు మరమ్మతులు లభించును. 2025లో వచ్చిన 18వ సంచికనుండి డాకర్ ఇమేజిలో లెక్కలు ఉంచు స్థానమే మారినది. పూర్వపు పాఠములు చూచి పాత స్థానమును వ్రాయువారు ఈ సంగతి గమనింపవలెను.

తరువాత తలుపుల సంగతి. పోస్ట్‌గ్రెస్ 5432 అను సంఖ్య గల ద్వారమున మాటలాడును. దానిని బయటి లోకమునకు తెరచి ఉంచుట తగదు. యంత్రమునకు ఫైర్‌వాల్ అను కావలి యున్నది గదా అని కొందరు ధైర్యపడుదురు. కాని డాకర్ ద్వారమును ప్రకటించునప్పుడు నెట్‌వర్కు నియమములను తానే సవరించును. ఉబుంటులోని సామాన్యపు కావలిని అది దాటిపోవును. వీధివాకిట కావలివాడు కూర్చుండియుండగా పెరటిగోడకు తలుపు పెట్టినట్లగును. కావున డేటాబేసు ద్వారమును అసలు ప్రకటింపకుండుట మేలు. నిర్వహణ సర్వరును 127.0.0.1 అను స్వంత చిరునామాకు మాత్రము కట్టివేయవలెను. దూరమునుండి చూడవలసినవారు రహస్యపు దారిగుండ రావలెను.

పాస్‌వర్డు విషయమున మరియొక మెలిక గలదు. పత్రములో వ్రాసిన పాస్‌వర్డు, పెట్టె ఖాళీగా నున్న మొదటి దినమున మాత్రమే చెల్లును. పిమ్మట పత్రములో మార్చినంత మాత్రమున డేటాబేసులో మారదు. ఉద్యోగము విడిచిపోయిన గుమాస్తా పాస్‌వర్డును పత్రములో కొట్టివేసి నిశ్చింతగా నుండువారు ఇది తెలిసికొనవలెను. మార్పు డేటాబేసు లోపలనే చేయవలెను. ప్రతి గుమాస్తాకు వేరు పేరు, వేరు అధికారము ఉండవలెను. చందా వ్రాయువానికి పట్టికను తుడుపు అధికారమేల? అసలు అనవసరమైన వివరములను అడుగకుండుట అన్నిటికన్న మంచి కాపలా. కుర్చీ ఇచ్చుటకు ఆధార్ సంఖ్య ఎందులకు? 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టమును అవసరమునకు మించిన సేకరణను హర్షింపదు.

ఇన్ని చేసినను బ్యాకప్ లేనిదే సొంత సర్వరు సొంతము కాదు. పెట్టెను విడిగా ఉంచినంతనే భద్రమని తలపరాదు. డాకర్ కంపోజ్ డౌన్ అను ఆజ్ఞకు చివర ‘వి’ అను ఒక్క అక్షరము తగిలించినచో వాటాలతోపాటు ఆ పత్రమున చెప్పిన వాల్యూములును తుడిచిపెట్టుకొనిపోవును. కంప్యూటరు డిస్కు చెడవచ్చును. యంత్రమే దొంగల పాలు కావచ్చును. ప్రతిరాత్రి పీజీ డంప్ అను సాధనముచే నకలు తీసి, ఒకటి వేరు డిస్కులోను, మరియొకటి వేరు ఇంటిలోను ఉంచవలెను.

నకలు తీయుటతోను పని ముగియదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను అంతర్జాతీయ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ఫైళ్లను తుడిచివేసెను. ఆ సంస్థకు బ్యాకప్ విధానములు పలు ఉండెను. అక్కరకు వచ్చు వేళకు వానిలో పెక్కు పనిచేయుట లేదని తెలిసినది. సుమారు ఆరు గంటల కాలమున వ్రాసిన వివరములు తిరిగి రాలేదు. వారు దాచక లోకమునకు చెప్పిరి గనుక మనకు పాఠమైనది. తిరిగి నిలిపి చూడని నకలు నకలు కాదు, ఆశ మాత్రమే. ఇచ్చట కంటెయినరు మనకు తోడగును: నెలకొకమారు వేరొక ఖాళీ వాటాను కట్టి, అందులో ఆ నకలును దించి, సభ్యుల సంఖ్య, చందాల మొత్తము సరిపోయినవో లేవో చూచి, ఆ వాటాను పడగొట్టవచ్చును. అసలు సర్వరుకు ఏ భంగమును కలుగదు, పని అరగంట.

ఈ పని చేయు మనిషి ఎవరు? అద్దె సర్వరు తీసికొన్నచో ఈ జాగ్రత్తలలో కొన్ని ఆ సంస్థవారు చూచుకొందురు. అందులకు నెలనెలా సొమ్ము పుచ్చుకొందురు. సొంత సర్వరు పెట్టుకొన్నచో ఆ సొమ్ము మిగులును, బాధ్యత మన యింటికి వచ్చును. కంప్యూటరు తెలిసిన కుర్రవాడు ఒక సెలవునాడు నిలిపి, ఉద్యోగము దొరికి వెడలిపోయిన పిమ్మట, దానిని తాకుటకు ఎవరును సాహసింపని స్థితి రాకూడదు. కంపోజ్ పత్రమును, నకలు దించు క్రమమును కాగితముపై వ్రాసి ఉంచవలెను. కనీసము ఇద్దరు దానిని చదివి తమ చేతులతో ఒకమారు చేసియుండవలెను. అట్టి ఇద్దరు లేనిచోట అద్దె సర్వరే శ్రేయము. అందు సిగ్గుపడవలసినది లేదు.

ఉన్నచోట మాత్రము వెనుదీయనక్కరలేదు. హాజరు పుస్తకము ప్రక్కనే మరియొక చిన్న పుస్తకము తెరచి, నకలును తిరిగి నిలిపి చూచిన తేదిని, చూచినవారి సంతకమును నెలనెలా వ్రాయవలెను. ఆ పుస్తకములో గడచిన నెల తేది ఉన్నదా అని సభ్యులెవరైనను అడుగవచ్చును. తమ పేరు, ఫోను సంఖ్య అప్పగించినవారికి ఆ మాత్రము అడుగు హక్కు ఉన్నది.