ఎవరిని అడిగినారు, ఏమని అడిగినారు?

(నోయిడాలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఈనాడు సమావేశమైన నోయిడా 1976లో పారిశ్రామిక నగరంగా వెలసినది. ఇక్కడ తయారయ్యే సరుకులలో నేడు ప్రజాభిప్రాయం కూడా ఒకటి. సెక్టార్ 16ఎ లోని ఫిల్మ్ సిటీలో పెక్కు వార్తా ఛానెళ్ళ స్టూడియోలున్నవి. దేశం ఏ నాయకుని మెచ్చుకొంటున్నదో, ఏ కూటమికి ఎన్ని స్థానాలు దక్కనున్నవో అక్కడినుండే ఇంటింటికీ చేరుతున్నది. ఈ లెక్కలను నమ్మవలెనా, త్రోసిపుచ్చవలెనా అని మన సభ్యులు అడుగుతున్నారు. మేము ఆ రెండూ చెప్పబోవడం లేదు. ఎవరిని అడిగినారో, ఏమని అడిగినారో తెలుసుకోకుండా ఏ అంకెనూ స్వీకరించరాదన్నదే మా మనవి.

మొదటిదానికి పాత ఉదాహరణ ఒకటి మన తపాలా సోదరులకు దగ్గరగా ఉన్నది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి కార్డులు పోస్టు చేసినది. జవాబులు 23 లక్షలకు పైగా వచ్చినవి. వాటిని లెక్కించి లాండన్ గెలుస్తాడని ప్రకటించినది. తీరా 48 రాష్ట్రాలలో 46 రూజ్‌వెల్ట్‌కు దక్కినవి. చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుండి, మోటారుకారు యజమానుల జాబితాల నుండి తీసినవి. ఆర్థిక మాంద్యం రోజులలో ఫోనూ కారూ ఎవరింట ఉంటాయి? పైగా కార్డు అందుకొన్నవారిలో మూడు వంతుల మంది జవాబే వ్రాయలేదు. అంతకంటే ఎంతో తక్కువ మందిని, అన్ని వర్గాలనుండి ఎంచి అడిగిన జార్జి గాలప్ విజేతను సరిగా చెప్పినాడు. ఆ కోటి కార్డులను మోసిన బట్వాడా ఉద్యోగులను అడిగి ఉన్నా పత్రిక పరువు దక్కేదేమో!

నేడు చాలా సర్వేలు ఫోను మీద సాగుతున్నవి. బండి నడిపే లోకోపైలట్ ఫోను ఎత్తరాదు, అది నిబంధన. పట్టాల మీద పనిలో ఉన్న గ్యాంగ్‌మన్ ఎత్తినా, పది నిమిషాల ప్రశ్నావళికి నిలబడలేడు. అవతల ఫోను చేస్తున్నవారూ కూలికి పనిచేసే శ్రామికులేనని మరువరాదు. వారిమీద మనకు కినుక లేదు.

లెక్క సరిగా ఉన్నా, ఓట్లను స్థానాలుగా మార్చడం కష్టం. 2019లో భారతీయ జనతా పార్టీకి 37.4 శాతం ఓట్లు, 303 స్థానాలు వచ్చినవి. 2024లో 36.6 శాతం ఓట్లు, 240 స్థానాలు. ఒక్క శాతం కూడా తగ్గకుండానే 63 స్థానాలు జారిపోయినవి! ఒకటి రెండు శాతం తేడా ఏ సర్వేలోనైనా సహజమే. న్యాయంగా చెప్పవలెనంటే, అదే ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌లో 25 లోక్‌సభ స్థానాలకు 21 తెలుగుదేశం కూటమికి దక్కగలవని కొందరు ముందే దాదాపు సరిగా చెప్పినారు.

ఇక రెండవ ప్రశ్న. దీనివద్ద కొంచెం ఆగుదాం. చివరి దశ పోలింగ్ 2024 జూన్ 1న జరిగినది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఎ సెక్షను ప్రకారం ఎగ్జిట్ పోల్స్‌పై ఉన్న నిషేధం ఆ సాయంత్రం 6.30కు తొలగినది. వెంటనే స్టూడియోలలో అంకెల పండుగ మొదలయినది. ఈ ఉత్తరప్రదేశ్‌లో 80 స్థానాలకు 60కి పైగా అధికార కూటమివేనని చాలామంది చెప్పినారు, వచ్చినవి 36. కాని మేము చెప్పదలచినది ఆ తప్పును గురించి కాదు. ఆనాడే, ఈ రాష్ట్రంలోనే, వేడిమికి తాళలేక 33 మంది ఎన్నికల సిబ్బంది మరణించినారని రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెల్లడించినారు. వారిలో భద్రతా సిబ్బంది, పారిశుద్ధ్య కార్మికులు కూడా ఉన్నారు. మన శాఖల నుండి సూక్ష్మ పరిశీలకులుగా ఎన్నికల విధులకు వెళ్ళేవారికి ఈ వార్త పరాయిది కాదు.

మరి ఈ ఎండను గురించి ప్రజల అభిప్రాయమేమిటి? 2024 ఎన్నికలకు ముందు లోక్‌నీతి సంస్థ జరిపిన సర్వేలో తమకు ముఖ్యమైన సమస్య నిరుద్యోగమని 27 శాతం, ధరల పెరుగుదల అని 23 శాతం చెప్పినారు. వాతావరణ మార్పు పై వరుసలలో లేదు. దీనిని చూపి ప్రజలకు ఆ చింత లేదనేవారున్నారు. అయితే అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం, మన దేశపు సీ-వోటర్ సంస్థ కలసి 2021 అక్టోబరు, 2022 జనవరి మధ్య 4,619 మందిని ప్రశ్నించినవి. భూతాపం గురించి ఎన్నడూ వినలేదనో, కొద్దిగానే తెలుసుననో 54 శాతం జవాబిచ్చినారు. అదేమిటో రెండు మాటలలో వివరించి మళ్ళీ అడిగితే, అది జరుగుతున్నదని 84 శాతం ఒప్పుకొన్నారు. మనుషులు వారే. మారినదల్లా ప్రశ్న.

తెలుగులో ఈ చిక్కు మరీ ఎక్కువ. రేపు వాన వస్తుందా అన్నదీ వాతావరణమే, నూరేళ్ళలో భూమి వేడెక్కినదన్నదీ వాతావరణమే. ‘వాతావరణ మార్పు మిమ్ములను కలవరపెడుతున్నదా?’ అని ఫోనులో అడిగితే, మన గ్యాంగ్‌మన్ ఆకాశం వంక చూచి ‘లేదండీ, మబ్బు లేదు’ అంటాడు. ఆ జవాబు ‘చింత లేదు’ అన్న గడిలో పడుతుంది. అతనినే ‘పట్టా వేడి హద్దు దాటి వేసవి గస్తీ తిరిగే రోజులు మునుపటికంటే పెరిగినవా?’ అని అడగండి. లైను వంకర తిరిగే ప్రమాదాన్ని కాళ్ళతో కొలిచినవాడు. ఏ కిలోమీటరు రాయివద్ద, ఏ పూట అన్నది కూడా చెప్పగలడు. గ్రామీణ డాక్ సేవకుని ‘మధ్యాహ్నపు బట్వాడాలో ఎన్నిమార్లు కళ్ళు తిరిగినవి?’ అని అడగండి.

కనుక ప్రశ్నలను మనమే వ్రాసుకోవాలని మా ప్రతిపాదన. ప్రతి శాఖా ఏప్రిల్ నుండి జూన్ వరకు, నచ్చినవారిని కాక హాజరు పట్టీలో ప్రతి పదవ పేరును ఎంచి అడగవలెను. ఎండలో పనిగంటలు, త్రాగునీరు, నీడ, వడదెబ్బ తగిలిన రోజులు, ఆ రోజులకు సెలవు దొరికినదా లేదా: ఇంత చాలును. పేరు వ్రాయనక్కరలేదు. జవాబివ్వనివారి సంఖ్యను మాత్రం దాచక వ్రాయవలెను. ప్రశ్నాపత్రం ముసాయిదా ఇప్పుడు మీ చేతులలో ఉన్నది. ఏ మాట మీ స్టేషనులో, మీ పోస్టాఫీసులో అర్థం కాదని తోస్తే దానిని కొట్టివేసి, మీవారు వాడే మాట ప్రక్కన వ్రాసి, సాయంత్రంలోగా కార్యదర్శికి అందజేయగోరుతున్నాము.