తాతల నేతులూ, అమ్మమ్మల పేర్లూ
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు నేను ఎన్నుకున్న విషయం కొందరికి వింతగా తోచవచ్చు. అమెరికాలో డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్ అనే మహిళా సంఘం ఉంది. క్లుప్తంగా డి.ఎ.ఆర్. అంటారు. ఆ దేశ స్వాతంత్ర్య సమరంలో పాల్గొన్నవారి వంశంలో పుట్టిన స్త్రీల సంఘం అది. ఆ సంఘంతో మనకేమి పని అని మీరు అడగవచ్చు. మనలో చాలామంది పిల్లలు ఆ దేశంలో ఉన్నారు. వారి దగ్గరకు వెళ్ళినప్పుడు ఇరుగుపొరుగు నోట ఈ పేరు వినబడుతుంది. అంతకన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. అందులో చేరడమంటే ఆసాంతం కాగితాల పని. ఫైళ్ళ మధ్య ముప్పై ఏళ్ళు గడిపిన మనకు ఆ పని బాగా అర్థమవుతుంది.

ముందు నాలుగు మాటలు చరిత్ర. 1889లో సమరయోధుల వంశీకులైన మగవారు ఒక సంఘం పెట్టుకుని, ఆడవారిని చేర్చుకోమన్నారు. దానితో స్త్రీలు 1890 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో తమ సంఘం తామే స్థాపించుకున్నారు. అప్పటి దేశాధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ గారి భార్య కరొలైన్ హారిసన్ తొలి అధ్యక్షురాలు. వారి ముద్రలో ఉన్నది రాట్నపు చక్రం, దానిపై తొలి 13 రాష్ట్రాలకు గుర్తుగా 13 నక్షత్రాలు. రాట్నమంటే గాంధీగారిని తలచుకునే మనకు ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక చేరే పద్ధతి. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ కావాలి. 1775 ఏప్రిల్ 19కీ 1783 నవంబరు 26కీ మధ్య ఆ సమరానికి సేవ చేసినవారి సంతతి అయి ఉండాలి. సేవ అంటే తుపాకి పట్టడం ఒక్కటే కాదు. సైన్యానికి ధాన్యం, పశువులు ఇచ్చినవారు, కొత్త ప్రభుత్వానికి విధేయతా ప్రమాణం చేసినవారు, ఊరి కొలువులో పనిచేసినవారు కూడా లెక్కలోకి వస్తారు. అలా సేవ చేసిన స్త్రీలూ లెక్కలోకి వస్తారు.

చేరదలచినవారు తమ ఊళ్ళోనో దగ్గరలోనో ఉన్న శాఖను కలుసుకుంటారు. శాఖను అక్కడ చాప్టర్ అంటారు. ప్రతి శాఖలోనూ రిజిస్ట్రార్ అనే ఆవిడ ఉండి, దరఖాస్తు నింపడంలో సాయం చేస్తుంది. దరఖాస్తు తనతో మొదలై తల్లి లేక తండ్రి, వారి తల్లిదండ్రులు, ఇలా ఒక్కొక్క తరం వెనక్కి నడుస్తుంది. ప్రతి తరానికీ పుట్టుక, పెళ్ళి, మరణం చూపాలి. ఈ బిడ్డ ఆ తల్లిదండ్రుల బిడ్డే అని రుజువు కావాలి. ఆ కాగితాలన్నీ వాషింగ్టన్ వెళతాయి. అక్కడి నిపుణులు ఒక్కొక్క గొలుసూ పరీక్షించి, అతుకు సరిపోతేనే ఆమోదిస్తారు. దత్తత సంబంధం చాలదు, రక్తసంబంధమే కావాలి.

పాత తరాలకు జనన ధృవపత్రాలు ఉండవు. అందుకని వీలునామాలు, భూమి దస్తావేజులు, చర్చి రిజిస్టర్లు, జనాభా లెక్కలు వెతుకుతారు. ఇంటి బైబిల్ మొదటి పుటల్లో పిల్లల పుట్టిన తేదీలు రాసుకునే అలవాటు వారికి ఉండేది. మన పెద్దలు పంచాంగం అంచున రాసుకున్నట్టే. మన తరంలో చాలామందికి బడిలో చేర్చిన రోజున మాస్టారు వేసిన తేదీయే పుట్టినతేదీ అయింది కదా!

ఇందులో నన్ను ఆకర్షించిన విశేషం మరొకటుంది. మన గోత్రం తండ్రి నుంచి కొడుక్కి నడుస్తుంది. అక్కడ గొలుసు తల్లి వైపు నుంచైనా, తండ్రి వైపు నుంచైనా నడవవచ్చు. మన అమ్మాయికి అమెరికా పౌరసత్వం వచ్చినా ఆ సంఘంలో చేరలేదు. కాని మన అబ్బాయి ఆ దేశపు అమ్మాయిని చేసుకుంటే, ఆ కోడలి వంశంలో అటువంటి పూర్వికుడు ఉంటే, మన మనవరాలు చేరవచ్చు.

వంశ గౌరవం మంచిదే. అయితే తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే సామెత మనకుంది. ఆ సంఘానికీ అటువంటి కాలం ఒకటి వచ్చింది. 1939లో మేరియన్ ఆండర్సన్ అనే గొప్ప నల్లజాతి గాయని వాషింగ్టన్‌లో పాడవలసి ఉండగా, సంఘం వారు తమ కాన్‌స్టిట్యూషన్ హాలు ఇవ్వలేదు. అప్పట్లో ఆ వేదిక తెల్లజాతి కళాకారులకే. దేశాధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ గారు సంఘానికి రాజీనామా చేశారు. ఆ ఏడు ఏప్రిల్ 9న ఈస్టర్ ఆదివారం ఆ గాయని లింకన్ స్మారకం మెట్ల మీద పాడితే డెబ్భై అయిదు వేలమంది విన్నారు. హాలు విషయంలో ఆ నిబంధన 1952లో పోయింది.

సభ్యత్వం సంగతి ఇంకా కష్టం. సమరంలో నల్లవారూ పోరాడారు. వారి సంతతి రుజువు ఎక్కడ తెస్తుంది? 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలను యజమాని పేరు కింద వయసు, ఆడ, మగ అని రాశారే గాని చాలావరకు పేర్లు రాయలేదు. పేర్లు 1870 లెక్కల్లో గాని రాలేదు. పేరు రాయకపోతే మనిషి లేనట్టే లెక్క. డెట్రాయిట్‌కు చెందిన కరెన్ బాచెలర్ ఫార్మర్ 1977లో కాగితాలన్నీ కూడగట్టి చేరారు. ఆవిడను మొదటి నల్లజాతి సభ్యురాలిగా చెప్పుకున్నారు. లీనా శాంటోస్ ఫెర్గూసన్ అనే ఆవిడకు రుజువులున్నా శాఖలో చోటు దొరకలేదు. ఆవిడ పట్టు విడవలేదు. 1984లో వివక్ష కూడదని సంఘం తన నిబంధనల్లో రాసుకుంది. పోరాడిన నల్లవారి, ఆదివాసుల పేర్లు వెతకడానికీ ఒప్పుకుంది. 2008లో ఆ సంఘమే ప్రచురించిన పుస్తకంలో 6,600కు పైగా పేర్లు ఉన్నాయి. రికార్డు తలుపు వేయగలదు, వెతికితే తీయగలదు కూడా.

మన దేశంలోనూ ఇది కొత్త కాదు. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పెన్షను వచ్చినప్పుడు, సాధారణంగా ఆరు నెలల జైలు శిక్షకు రుజువు అడిగారు. జైలు రిజిస్టరులో పేరున్నవారికి దారి సుళువు. అజ్ఞాతంలో ఉన్నవారికి అన్నం పెట్టిన తల్లి పేరు ఏ రిజిస్టరులోనూ లేదు.

సోదరులారా, తద్దినం పెట్టేటప్పుడు మూడు తరాల పేర్లు చెబుతాం. మీ అమ్మమ్మగారి తల్లి పేరు ఎంతమంది చెప్పగలరు? ఆవిడ పుట్టింటి ఇంటిపేరు? కొన్ని ఇళ్ళలో అత్తగారిదీ కోడలిదీ ఒకే పేరైతే కోడలి పేరే మార్చేసేవారు. ఆడవారి పేర్లు అలా మరుగున పడ్డాయి.

ఇది మన పెన్షను దాకా వస్తుంది. భార్య పేరు పెన్షను పేమెంటు ఆర్డరులో ఒక విధంగా, ఆధార్‌లో ఒక విధంగా, బ్యాంకు పాసుబుక్కులో ఇంకో విధంగా ఉంటే, మనం పోయిన తరువాత ఫ్యామిలీ పెన్షను కోసం ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరగాలి. దుఃఖంలో ఉన్న మనిషిని నువ్వెవరు అని అడిగినట్టవుతుంది. మనం ఉండగానే, మనమే సరిచేయించవలసిన పని అది.

కనుక నా మనవి రెండు ముక్కలు. ఈ వారంలో మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఆవిడ పేరు, పుట్టినతేదీ సరిచూడండి. తేడా ఉంటే వెంటనే దరఖాస్తు పెట్టండి. రెండవది, ఒక నోటుపుస్తకంలో నాలుగు తరాల పేర్లు, ఊళ్ళు, తెలిసిన తేదీలు రాయండి. మగవారి పేరు పక్కన ఆడవారి పేరు, పుట్టింటి ఇంటిపేరు తప్పక రాయండి. ఎనభై దాటిన అక్కయ్యలు, పిన్నిలు ఉంటే ఇప్పుడే అడగండి. ఆ పుస్తకం మనవరాలి చేతికివ్వండి.