సున్నపురాయి వెళ్లిపోయాక ఏం మిగలాలి?
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



మనం చదువుకునే రోజుల్లో జెండా పండుగ వస్తుందంటే బడి గోడలకు సున్నం వేసేవారు. ఆనుకుంటే చొక్కాలు తెల్లబడేవి. ఆ సున్నాన్నిచ్చే రాయి మన ప్రాంతపు నేల కిందే ఉందని అప్పుడు తెలియదు. భూగర్భశాస్త్రం చదివాక తెలిసింది. కృష్ణకు ఇటు మన వైపు, అటు పల్నాడులో పరుచుకున్న ఈ రాతి పొరలు యాభై కోట్ల ఏళ్ల కంటే పాతవి. మేళ్లచెరువు, మఠంపల్లి, దొండపాడు, వాడపల్లి వైపు సిమెంటు కర్మాగారాలు వచ్చింది ఈ రాయి కోసమే.

వాటివల్ల ఉద్యోగాలు వచ్చాయి, లారీలు నడిచాయి, హోటళ్లు వెలిశాయి. కాదనను. కానీ సాగర్ ఎడమ కాలువకు నీళ్లొస్తే వరి మళ్లీ పండుతుంది. తవ్విన రాయి మళ్లీ పండదు. పొలం అమ్మిన డబ్బుతో విందు చేసుకునేవాడూ ఉంటాడు, మరోచోట ఎకరం కొనేవాడూ ఉంటాడు. దేశాలూ అంతే. పసిఫిక్ సముద్రంలోని నౌరు ద్వీపం ఫాస్ఫేట్ అమ్ముకుని కొన్నాళ్లు మహారాజులా బతికింది. ఖనిజం అడుగంటేసరికి గుంతలు పడిన నేల, అప్పులు మిగిలాయి. నార్వే 1990లో చట్టం చేసి చమురు డబ్బుకు నిధి ఏర్పాటు చేసింది. అసలు జోలికి పోకుండా రాబడిని వాడుకోవాలన్నది అక్కడి పద్ధతి.

మన దగ్గర లెక్క చూద్దాం. 50 కిలోల సాధారణ సిమెంటు బస్తాకు సుమారు 75 కిలోల సున్నపురాయి కావాలి. 2014లో నిర్ణయించిన రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. అంటే బస్తాకు ప్రభుత్వానికి వచ్చేది సుమారు ఆరు రూపాయలు.

2015లో గనుల చట్టాన్ని సవరించి, గనులున్న ప్రతి జిల్లాకూ జిల్లా ఖనిజ ఫౌండేషన్ ఉండాలన్నారు. పాత లీజుదారులు రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం, వేలంలో లీజు పొందినవారు 10 శాతం ఈ నిధికి కట్టాలి. పాత లీజు అయితే బస్తాకు రూపాయి ఎనభై పైసలు. చిన్న మొత్తమే అనిపిస్తుంది. లక్షల బస్తాలకు లెక్క వేస్తే చిన్నది కాదు. ఆ డబ్బు తవ్వకాల వల్ల ఇబ్బంది పడే ఊళ్లది. తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం వంటి వాటికి దానిలో పెద్ద భాగం ఖర్చు కావాలి. వసూళ్లు, పనుల వివరాలు వెబ్‌సైటులో పెట్టాలని నిబంధనలు చెబుతున్నాయి.

పెట్టారో లేదో చూసేవాళ్లం మనమే కావాలి. మనలో ఇంజనీర్లున్నారు, ఆడిటర్లున్నారు, వకీళ్లున్నారు, సర్పంచులుగా చేసినవారున్నారు. అందుకే మన సంఘానికి ఒక మనవి. ఏటా మనం కలిసే రోజున జిల్లా ఖనిజ నిధి లెక్కను ఈ వేదిక మీద పిల్లల ముందు చదువుదాం. ఎంత వచ్చింది, ఏ ఊళ్లో ఏ పని జరిగింది, తవ్వి వదిలిన గుంతలను ఏం చేశారు అని అడుగుదాం. ఇందులో ఎవరిమీదా కోపం లేదు. ఇంటి ఖర్చు చూసుకోవడం లాంటిదే ఇది.

ఈ బడి వందేళ్ల పండుగ జరిగేనాటికి రాయి ఎంత మిగులుతుందో ఏమో, ఆ డబ్బుతో చదువుకుని నిలబడ్డ పిల్లలు మాత్రం ఈ సభలో కూర్చోవాలి.