ఆపదకు ముందు చేసిన మేలు
(ఖరగ్‌పూర్‌లో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హిందీ నుంచి తెలుగులోనికి అనువాదాలు చేసుకునేవాణ్ణి ఉపన్యాసానికి పిలిస్తే ఒక చిక్కు ఉన్నది. మనకు ఉపన్యాసమంటే ప్రసంగం. హిందీ వారికీ, ఈ ఊరి బెంగాలీ వారికీ అది నవల. ప్రకటన చూచి నవల వినవచ్చునని వచ్చిన వారెవరైనా ఉంటే మన్నించాలి. ఇటువంటిదే మరొక మాట ‘మాయ’. బెంగాలీలో ఆ మాటకు భ్రాంతి అనే అర్థంతోపాటు జాలి, మమకారం అనే అర్థం కూడా ఉన్నది. మాయ చేసేవానికి మనం దూరంగా తొలగుతాము. మాయ కలవాని దగ్గరకు వారు చేరుతారు. నాకిచ్చిన విషయం ఈ రెండవ మాయను గురించినదే. ఒక్కొక్క మనిషి చూపే ప్రేమ, చేసే మేలు సమాజాన్ని బాగుచేయగలవా అన్నది ప్రశ్న.

ఈ ఊరిని చిన్న భారతదేశమంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనునూ, కర్మాగారాన్నీ నెలకొల్పిన నాటి నుంచి అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల మనవారు వచ్చి స్థిరపడ్డారు. బీహారు వారు, ఒడిశా వారు, పంజాబీలు, తమిళులు వచ్చారు. అయితే పక్కపక్కన ఉండడం వేరు, కలిసి ఉండడం వేరు. ఒకే వీధిలో ఐదు భాషలు వినబడినంత మాత్రాన ఐకమత్యం ఉన్నట్లు కాదని నా అభిప్రాయం. ఆ మాటకు నాకు నమ్మకం కలిగించేవి వేరే ఉన్నాయి. జ్ఞాన్ సింగ్ సోహన్‌పాల్ అనే సిక్కు పెద్దమనిషిని ఇక్కడి వారు పదిసార్లు శాసనసభకు పంపారు. 2017లో కన్నుమూసే వరకు ఆయన అందరికీ ‘చాచా’యే. అన్ని భాషల వారి ఓట్లూ కలవనిదే అది సాధ్యమయ్యేది కాదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. అదీ సంతోషించదగిన విషయమే.

ఇక విషయానికి వస్తాను. దయను గురించి మాట్లాడేవారిని చూస్తే నాకు కొంత భయం. హక్కుగా ఇవ్వవలసిన దానిని దానంగా ఇచ్చి దండ వేయించుకునే వారు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. కార్మికునికి కూలి దయాధర్మం కాదు. ఈ పాఠాన్ని ఖరగ్‌పూర్‌కు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. 1927-28 నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల పోరాటం ఇక్కడిదే. దానికి నాయకత్వం వహించిన వి. వి. గిరిగారు తెలుగువారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆనాటి కార్మికులు యజమాని మనసు కరగాలని కోరుకోలేదు, న్యాయం అడిగారు. కనుక న్యాయం చేయవలసిన చోట దయను తెచ్చి పెట్టవద్దు.

అయితే ఏ చట్టమూ ఇప్పించలేనిది, ఏ కర్మాగారమూ తయారుచేయలేనిది ఒకటి ఉన్నది. అది మనిషి రక్తం. ఒకప్పుడు మన దేశంలో దానిని డబ్బుకు కొనేవారు. పేదవాడు ఆకలి తీర్చుకోవడానికి రక్తం అమ్ముకునేవాడు; జబ్బు ఉన్నా దాచేవాడు. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఫలితంగా 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మకం నిషిద్ధమైనది. చట్టం చేయగలిగినది అంతవరకే. అమ్మవద్దని అనగలిగింది గాని, ఇవ్వుమని ఎవరినీ నిర్బంధించలేదు. అక్కడి నుంచి పని మనిషి మనసుది.

2023 జూన్ 2 సాయంత్రం మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. మన ఖరగ్‌పూర్ డివిజన్‌లోనే, బాలాసోర్ జిల్లా బహనగా బజార్ దగ్గర, షాలిమార్ నుంచి చెన్నై వెళ్ళే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొన్నది. పట్టాలు తప్పిన పెట్టెలు యశ్వంత్‌పూర్–హౌరా బండికి తగిలాయి. రెండువందల తొంభై మందికి పైగా మరణించారు. వేయికి పైగా గాయపడ్డారు. కూలి పనులకు దక్షిణాదికి వెళ్ళే బెంగాల్ యువకులు, మన విశాఖ, రాజమండ్రి, విజయవాడల ప్రయాణికులు ఒకే బండిలో ఉన్నారు. అందరికన్నా ముందు చేరినవారు చుట్టుపక్కల గ్రామస్థులు. సెల్‌ఫోను వెలుతురులో, చేతికందిన పనిముట్లతో పెట్టెల్లోని వారిని బయటికి తీశారు. పేరు గాని, భాష గాని అడగడానికి అక్కడ వ్యవధి ఎక్కడిది? ఆ రాత్రే బాలాసోర్ ఆస్పత్రి ముందు రక్తమిస్తామని యువకులు బారులు తీరారు.

ఆ బారులను పత్రికలు మెచ్చుకున్నాయి, నేనూ మెచ్చుకుంటాను. కాని వైద్యులు చెప్పే ఒక సంగతి పత్రికలలో అంతగా రాదు. తీసిన రక్తాన్ని వెంటనే ఎక్కించరు. హెచ్.ఐ.వి., రెండు రకాల హెపటైటిస్, సిఫిలిస్, మలేరియా లేవని పరీక్షించాలి; దానికి కొన్ని గంటలు పడుతుంది. నెత్తురోడుతున్న మనిషికి ఆ గంటల గడువు ఉండదు. మొదటి గంటలో ప్రాణం నిలిపేది అంతకుముందే నిల్వలో ఉన్న రక్తం. ఏ ఆదివారమో, ఏ క్లబ్బు గదిలోనో ఒకరు చేయి చాపి, ఇచ్చిన బిస్కత్తులు తిని ఇంటికి పోయి ఉంటారు. ఎవరికి ఇచ్చారో వారికి తెలియదు. వారికి ఫొటో లేదు, కృతజ్ఞత చెప్పేవారూ లేరు. సమాజాన్ని బాగుచేసే దయ ఏదని నన్ను అడిగితే నేను చూపించేది వీరినే.

ఇది మనవారికి తెలియని ధర్మం కాదు. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి దాటి వచ్చేవారికి వేళ చూడక అన్నం పెట్టేవారు. ఆమె ఒకసారి అంతర్వేది యాత్రకు బయలుదేరగా, దారిలో ఆకలితో ఉన్న పెళ్ళివారు, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారులే అనుకోవడం చెవిన పడి, పల్లకీ వెనుకకు తిప్పించి, వారికన్న ముందే ఇల్లు చేరి వంట చేయించారని చెప్పుకుంటారు. దేవుని దర్శనం మాట అటుంచి, ఆకలిగొన్నవారు గుమ్మం ఎక్కేసరికి అన్నం సిద్ధంగా ఉండాలన్నది ఆమె పట్టుదల.

పెద్ద ప్రమాదాలు ఎప్పుడో గాని జరగవు. తలసీమియా అనే జబ్బుతో పుట్టిన పిల్లలకు మాత్రం మూడు నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి, అదీ జీవితాంతం. బెంగాల్‌లో పేటల క్లబ్బులు, సంఘాలు పూజలకూ జయంతులకూ శిబిరాలు పెడతాయి. బెంగాలీలో ‘రక్తదాన్ శిబిర్’, హిందీలో ‘రక్తదాన్ శివిర్’, మనకు రక్తదాన శిబిరం. అనువాదకునికి పని లేకుండా చేసిన మాట ఇదొక్కటే అనుకుంటాను.

మీలో పద్దెనిమిదేళ్ళు నిండి, నలభై ఐదు కిలోల బరువుండి, ఆరోగ్యంగా ఉన్నవారు పరీక్ష చేయించుకుని ఇవ్వవచ్చు. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి. తీసేది మూడువందల యాభై మిల్లీలీటర్లు, కొందరి దగ్గర నాలుగువందల యాభై. ఎర్రకణాలు ఐదారు వారాలకు మించి నిల్వ ఉండవు కనుక ఒక్క పెద్ద శిబిరం ఏడాదికి సరిపోదు. ఎండాకాలంలో కళాశాలలు మూతపడి, శిబిరాలు తగ్గి, రక్తానికి కరవు వస్తుంది. మీ సంఘం కార్యదర్శిగారు తేదీ నిర్ణయించేటప్పుడు పండుగల నెలను వదలి, సెలవులకు ముందటి వారాన్ని చూడవలసిందిగా కోరుతున్నాను.