తలుపు దగ్గరి గొంతు

పట్టభద్రులారా, భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇది ఇక్కడ చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు ఊళ్లు ఖాళీ చేయించింది పై అధికారులే. కానీ వాళ్ల చేతిలో ఉన్న ఆధారం ఒడ్డున కొలబద్ద చూసి అంకె చెప్పిన మనిషి మాట. ఆ మాట వినడమే అధికారానికి మొదటి అర్హత అంటాను. అందుకు సాక్ష్యం సికింద్రాబాద్‌లో పుట్టిన ఎయిర్ చీఫ్ మార్షల్ ఫాలీ హోమీ మేజర్ ఉద్యోగ జీవితం.

1967 చివరి రోజున వైమానిక దళంలో చేరిన ఆయన నడిపింది హెలికాప్టర్లు. పేరూ పదవులూ ఫైటర్ పైలట్లవైన చోట ఇది వెనక వరుస. 1992 అక్టోబరులో హిమాచల్‌లోని పర్వానూ దగ్గర రోప్‌వే తీగ తెగి, ప్రయాణికుల పెట్టె లోయ మీద వేలాడింది. మేజర్ బృందం హెలికాప్టర్‌ను దాని మీద నిలిపితే, సైన్యానికి చెందిన మేజర్ ఇవాన్ క్రాస్టో తాడు మీద దిగారు (ఒకరికి ఇంటిపేరు, ఇంకొకరికి హోదా!). పది మంది బతికారు. ఇలాంటి పనిలో రెక్కల గాలికి పెట్టె ఊగుతుంది, రెక్క తీగకు తగిలిందా అంతే సంగతులు. పైగా సరిగ్గా తన కింద ఏముందో పైలట్‌కు కనబడదు. తలుపు దగ్గర వంగి చూసే సిబ్బంది ‘కొంచెం ఎడమకు, ఇంకాస్త, చాలు’ అంటుంటే ఆ గొంతును నమ్మి నడపాలి.

అందరి మాటా వింటూ కూర్చుంటే నిర్ణయం ఎప్పుడు తీసుకుంటారని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే అక్కడ వినడానికి పట్టేది క్షణం, నడిపే చెయ్యి మాత్రం పైలట్ ఒక్కడిదే. ఒక్కరి ఉదాహరణతో వాదన నిలుస్తుందా అనీ అనవచ్చు. 2007లో దళాధిపతి అయిన తొలి హెలికాప్టర్ పైలట్ ఆయన. 2009లో ఆయన దిగిపోయాక ఆ కుర్చీ మళ్లీ ఫైటర్ పైలట్లకే దక్కింది. కాదనను. కానీ 2004 సునామీ సహాయంలో త్రివిధ దళాల పనిని సమన్వయం చేసే బాధ్యత ఆయన మీద పడింది. అక్కడ పనికొచ్చింది వేగం కన్నా, కనబడని చోటి నుంచి వచ్చే కబురును నమ్మే అలవాటే అని నా అంచనా.

రేపు మీలో కొందరు ఐటీడీఏలో, అటవీ శాఖలో, ఆసుపత్రుల్లో కుర్చీ ఎక్కుతారు. వానాకాలం రాత్రి చర్ల నుంచో దుమ్ముగూడెం నుంచో ఆశా కార్యకర్త ఫోన్ చేస్తే, ఎత్తండి.