గ్లాస్గోలో పన్ను తగవు

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో రేంజర్స్, సెల్టిక్ ఫుట్‌బాల్ క్లబ్బుల వైరం 1888 నాటిది. 2001 నుంచి దాదాపు పదేళ్లు రేంజర్స్ ఆటగాళ్లకు కొంత సొమ్ము జీతంగా కాక, ట్రస్టుల ద్వారా అప్పుగా అందింది. అప్పు మీద ఆదాయపు పన్ను ఉండదు కదా! పన్ను శాఖ మాత్రం ఒప్పుకోలేదు. 2012లో, ఈ తగవుకు తోడు వేరే పన్ను బకాయిలు కూడా మీద పడి, క్లబ్బును నడిపే కంపెనీ దివాలా తీసింది. జట్టు నాలుగో అంచె లీగు నుంచి మళ్లీ ఆడాల్సి వచ్చింది. అలా ట్రస్టులకు వెళ్లిన సొమ్ము జీతం కిందికే వస్తుందని 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది.

పన్ను ఎగ్గొట్టి గెలిచిన కప్పులు వెనక్కి తీసుకోవాలని సెల్టిక్ అభిమానులు పట్టుబట్టారు. యజమానుల తప్పుకు మాకెందుకు శిక్ష అని రేంజర్స్ అభిమానులు మండిపడ్డారు. కప్పులు మాత్రం రేంజర్స్ దగ్గరే ఉన్నాయి. ఈ గొడవలో ఎవరికీ పట్టనిది, నన్ను ఎక్కువగా బాధించేది ఒకటుంది: క్లబ్బును నమ్మి సరుకులిచ్చిన చిన్న వ్యాపారుల బాకీలూ ఆ దివాలాలోనే మునిగాయి.