నల్లమల నడుమ అప్పాపూరు

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కృష్ణానది మన ముంగిటికి నడచి వచ్చిన ప్రాంతము మనది. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు నందికొండ వద్ద నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములలోని మెట్టభూములెన్నో మాగాణులైనవి. ఊరూర ధాన్యపు రాసులు, పట్టణమున బియ్యపు మిల్లులు వెలసినవి. ఆ నీరు మన మడిలోనికి రాకముందు ఒక మహారణ్యపు పాదములను ఒరసికొని వచ్చుచున్నది. అదియే నల్లమల. ఆ అడవి నడుమనున్న ఒక గ్రామమును గూర్చి నేడు మీతో ముచ్చటింపవలెనని వచ్చితిని.

ఆ గ్రామము పేరు అప్పాపూరు. నాగర్‌కర్నూలు జిల్లా, లింగాల మండలములోనిది. హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు మార్గమున మన్ననూరు దాటి, ఫరహాబాదు వద్ద పెద్దబాట విడిచి, లోపలికి అడవిదారి పట్టవలెను. భౌరాపూరు, రాంపూరు మొదలగు పెంటలు కూడ ఆ అడవిలోనివే. మనము ఊరు అనుదానిని చెంచులు పెంట యందురు. కొన్ని గుడిసెలు, ఒక నీటి తావు, ఒక దేవత, చుట్టును అడవి — ఇదియే పెంట. వెదురుతో అల్లిన గుండ్రని గోడ, దానిపై కోసుగా నిలిచిన గడ్డికప్పు వారి సంప్రదాయపు ఇల్లు.

అడవి యనగానే ఏడాది పొడవున వాన కురియుచు, పచ్చగా నుండు చోటని తలపవలదు. నల్లమల ఆకురాల్చు అడవి. వేసవి వచ్చుసరికి కొమ్మలు మోడువారును, వాగులు ఎండిపోవును. చినుకు పడినంతనే వాగులు పొంగి, మట్టిబాట తెగిపోవును. మనకు పది అడుగులలో నున్న చేతిపంపు విలువ తెలియదు. నీటిచెలమకై నడచిన చెంచు తల్లికి తెలియును.

చెంచులు మనకు పరాయివారు కారు. వారి మాట తెలుగే. అహోబిల నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడెనని మనమందరము వినియున్నాము. చైత్రపూర్ణిమకు సలేశ్వరము జాతరకు మన పల్లెలనుండియు జనులు పోవుదురు. అచ్చటి లింగమయ్యకు పూజ చేయువారు చెంచులే. తేనె, తపసి బంక, కుంకుడుకాయలు, చిల్లగింజలు, మారేడు గడ్డలు వారి రాబడి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వీనిని కొనుటకై పుట్టినది. కొండచరియకు వ్రేలాడు తేనెపట్టును కోయుటకు చెంచు తాడు పట్టి దిగునప్పుడు, పైన ఆ తాటిని పట్టుకొనువాడు భార్య సోదరుడై యుండవలెనని వారి ఆచారము. అక్క పసుపుకుంకుమలను తమ్ముడు కాపాడకుండునా? పదిమంది ప్రాణముల త్రాడును చేత పట్టిన పంచాయతీ సభ్యుడు కూడ అట్టి బావమరిదియే కావలెను!

1940లో ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ చెంచుల నడుమ నివసించి, 1943లో వారిని గూర్చి గ్రంథము వెలువరించెను. 1975లో భారత ప్రభుత్వము వారిని ఆదిమ గిరిజన తెగలలో చేర్చినది. 1983లో నల్లమల పులుల సంరక్షణ ప్రాంతమైనది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట తెలంగాణ భాగము అమ్రాబాదు పులుల అభయారణ్యముగా ఏర్పడినది. పులిని కాపాడుట ధర్మమే. కాని పులితో పాటు తరతరములుగా బ్రతికిన మనిషి సంగతి యేమి?

అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. పులుల ప్రాంతము నుండి వెలుపలికి వచ్చు కుటుంబమునకు 15 లక్షల రూపాయలు ఇచ్చు పథకము కలదు. బిడ్డకు బడి, గర్భిణికి ఆసుపత్రి, ఇంటికి దీపము కావలెనని కొందరు వెలుపలికి రాగోరుదురు. అడవిని విడిచిన తేనె ఏది, గడ్డ ఏది, దైవమేది యని కొందరు కదలరు. ఇరువురి మాటయు న్యాయమైనదే. కనుక నిర్ణయము వారిదే కావలెను. 2006 అటవీహక్కుల చట్టము ఈ మాటనే చెప్పుచున్నది. గ్రామసభ స్వేచ్ఛగా, విషయము తెలిసికొని, వ్రాతపూర్వకముగా అంగీకరింపనిదే ఎవరిని కదలింపరాదు. తెలిసికొని యను మాటను గమనింపుడు. చదువురాని వృద్ధునకు కాగితమును వినిపించి, అర్థము చెప్పి, ఆలోచించుటకు వ్యవధి ఇచ్చినప్పుడే అది అంగీకారము. కేవలము వ్రేలిముద్ర అంగీకారము కాదు.

ఈ చట్టము అప్పాపూరునకు మాత్రమే కాదు. మన ప్రాంతమున అడవి అంచులనున్న తండాలకును వర్తించును. 2018 పంచాయతీరాజ్ చట్టముతో అనేక తండాలు స్వంత పంచాయతీలైనవి. ఆ తండాల సభ్యులును ఈ సభలో నున్నారు కనుక నాలుగు ముఖ్యాంశములు మనవి చేసెదను.

మొదటిది: హక్కుల నిర్ధారణ ఆఫీసులో మొదలు కాదు, గ్రామసభలో మొదలగును. గ్రామసభ 10 నుండి 15 మందితో అటవీహక్కుల కమిటీని ఎన్నుకొనవలెను. అందు మూడవవంతుకు తగ్గకుండ స్త్రీలుండవలెను.

రెండవది: సభకు సభ్యులలో సగముమంది రావలెను, వచ్చినవారిలో మూడవవంతు స్త్రీలుండవలెను. సంతకముల పుస్తకమును ఇంటింటికి త్రిప్పినంత మాత్రమున సభ జరిగినట్లు కాదు.

మూడవది: పట్టా కాగితము లేదని పేదవాడిని వెనుకకు పంపరాదు. పెద్దల వాఙ్మూలమును వ్రాసికొనినను సాక్ష్యమే. పాతబావి, శ్మశానము, దేవతాస్థలము కూడ సాక్ష్యములే. అయితే గిరిజనుడు 2005 డిసెంబరు 13వ తేదీకి ముందే ఆ భూమిపై నున్నట్లు తేలవలెను.

నాలుగవది: బడి, అంగన్‌వాడి, త్రాగునీరు, రోడ్డు వంటి 13 విధముల సదుపాయములకు గ్రామసభ సిఫారసుపై, ఒక్కొక్క పనికి ఒక హెక్టారునకు లోబడి, అటవీభూమిని ఇచ్చుటకు ఈ చట్టమున వీలు కలదు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టరాదు. అడవిశాఖవారు ఒప్పరని నిరాశ చెందుటకు ముందు, మన తీర్మానము సక్రమముగా వెళ్ళినదా యని చూచుకొనుడు.

మిత్రులారా! అప్పాపూరు మనకు దూరమని చెప్పుదుము. దూరము కొలుచుటకు మైలురాళ్ళు చాలవు. మన పంచాయతీ భవనమునకు కూతవేటులో నున్న తండాలో, ఒక వృద్ధురాలి మాట పుస్తకములోనికి ఎక్కనియెడల, ఆ తండా అప్పాపూరుకంటె దూరమైనది. ఆమె మాటను విని, వ్రాసి, చదివి వినిపించిననాడు నల్లమల నడుమనున్న పెంటయు మన పొరుగూరే యగును. ఈసారి ఎడమ కాలువకు నీరు వచ్చినప్పుడు, అది ఏ అడవి అంచున నడచి వచ్చినదో ఒక్కసారి తలచుకొనుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.